ప్లగ్‌లో రవ్వ, తెరపై తప్పు అంకె: ఇంజన్ దగ్గర మైక్రోకంట్రోలర్ ఎందుకు తడబడుతుంది?

క్లుప్తంగా: స్పార్క్ ప్లగ్ వెలిగిన ప్రతిసారీ నానోసెకన్లలో వోల్టేజీ, కరెంటు భారీగా మారిపోతాయి. ఆ కుదుపు గాలిలోంచి, పక్క వైర్లలోంచి, అన్నిటికన్నా ఎక్కువగా ఎర్త్ లోంచి సెన్సర్ సర్క్యూట్‌లోకి చేరుతుంది. పెద్ద కెపాసిటర్ పెడితే నాయిస్ తగ్గుతుంది కానీ దానితో పాటు టైమింగ్ కూడా పోతుంది. రవ్వ పుట్టే చోట రెసిస్టర్, చిప్ పిన్‌ను ఆనుకుని చిన్న ఫిల్టర్, ఎర్త్‌కు ఒకే స్థానం, ఆ తర్వాతే కోడ్‌లో జల్లెడ అనే వరస ఎందుకు పనిచేస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో వీధిలో స్కూటర్ వెళ్తే టీవీ తెర మీద చుక్కల వరస పరుగెత్తేది. రేడియోలో వార్తల మధ్య టకటకమని చప్పుడు వినిపించేది. బండి మలుపు తిరగగానే అన్నీ మామూలే. ఆ చుక్కలకు కారణం స్కూటర్ ప్లగ్‌లో పడే రవ్వ. ఇప్పుడు అదే రవ్వకు ఇంకా దగ్గరలో, ఇంకా సున్నితమైన బాధితుడు దొరికాడు. ఇంజన్‌కు జానెడు దూరంలో కూర్చుని, సెన్సర్ పల్స్‌లు లెక్కపెట్టే మైక్రోకంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ చిప్.

ఈ విషయం ఈ మధ్య ఎక్కువ మందికి ఎదురవడానికి రెండు కారణాలున్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక ద్విచక్ర వాహనాల్లో ఎక్కువ భాగం కార్బురేటర్ వదిలి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. క్రాంక్ ఏ కోణంలో ఉందో తెలిపే సెన్సర్, దాన్ని చదివి ఇంజన్‌ను నడిపించే ఈసీయూ అనే కంప్యూటర్ మామూలు బైకుల్లోకి కూడా వచ్చాయి. రెండోది, ఆర్డుయినో లాంటి మైక్రోకంట్రోలర్ బోర్డులు చవగ్గా దొరకడంతో ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టుల కోసం, విద్యార్థులే బండ్లు తయారుచేసి నడిపే బాజా, సుప్రా లాంటి ఎస్‌ఏఈ ఇండియా పోటీల కోసం సొంతంగా ఇంజన్ వేగం చూపే టాకోమీటర్లు, డేటా లాగర్లు తయారు చేసుకుంటున్నారు. టేబుల్ మీద చక్కగా పనిచేసిన సర్క్యూట్ ఇంజన్ స్టార్ట్ చేయగానే పిచ్చి అంకెలు చూపించడం వీళ్లలో చాలామందికి తెలిసిన కథే.

రవ్వ అంటే చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్

హెర్ట్జ్ 1880ల చివర్లో రేడియో తరంగాలను పుట్టించింది రవ్వతోనే. మార్కోనీ 1901లో అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా సంకేతం పంపింది కూడా రవ్వ ట్రాన్స్‌మిటర్‌తోనే. ఇంజన్‌లో ఉన్న అమరిక దానికి పెద్ద దూరం కాదు. ఎక్కువ వోల్టేజీ ఇచ్చే కాయిల్, దాని నుంచి ప్లగ్‌కు వెళ్తూ యాంటెనాలా పనికొచ్చే హెచ్‌టీ (హై టెన్షన్) వైరు, చివర్లో రవ్వ దూకే ఖాళీ. తేడా ఒక్కటే, ఇక్కడ సంకేతం పంపాలని ఎవరూ కోరుకోలేదు.

ప్లగ్ రెండు కొనల మధ్య గాలి తెగే ముందు వోల్టేజీ సాధారణంగా 10,000 నుంచి 30,000 వోల్టుల మధ్యకు చేరుతుంది. గాలి తెగగానే అది కొన్ని నానోసెకన్లలో కూలిపోతుంది. నష్టం చేసేది ఆ ఎత్తు కన్నా, పడిపోయే వేగం. రెండు వైర్లు పక్కపక్కన ఉంటే వాటి మధ్య ఎవరూ పెట్టని కెపాసిటర్ ఒకటి దానంతటదే ఏర్పడుతుంది. దాని విలువ ఒక్క పికోఫారడ్ అనుకుందాం, అంటే దాదాపు ఏమీ లేనట్టే. కానీ 10,000 వోల్టులు 10 నానోసెకన్లలో మారితే, ఆ ఒక్క పికోఫారడ్ గుండా ఆ క్షణంలో పక్క వైరులోకి దూకే కరెంటు ఒక ఆంపియర్. మైక్రోకంట్రోలర్ పిన్ పుచ్చుకునేది మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. సెన్సర్ వైరును, హెచ్‌టీ వైరును చూడడానికి నీటుగా ఉంటుందని ఒకే ట్యాగ్‌తో కట్టేస్తే ఏమవుతుందో ఈ లెక్కే చెబుతుంది.

గాలి గుండా వచ్చేది ఒక దారి. రెండో దారి అయస్కాంత క్షేత్రం. కాయిల్ ప్రైమరీలో, అంటే తక్కువ వోల్టేజీ వైపు చుట్టలో, కరెంటు తెగినప్పుడు దగ్గర్లో ఉన్న ప్రతి వైరు లూప్‌లోనూ వోల్టేజీ పుడుతుంది. లూప్ ఎంత వెడల్పుగా ఉంటే అంత ఎక్కువ. సెన్సర్‌కు వెళ్లే వైరు ఒక పక్కనుంచి, తిరిగొచ్చే వైరు ఛాసిస్‌కు అవతలి పక్కనుంచి లాగితే ఆ మధ్య ఉన్న ఖాళీ అంతా లూపే. రెండూ కలిపి జడలా మెలిపెట్టమని చెప్పేది ఇందుకే. మెలికల్లో పక్కపక్కనే పుట్టే వోల్టేజీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

మూడోది ఎర్త్. అందరూ మర్చిపోయేది ఇదే. వైరు అన్నాక దానికి ఇండక్టెన్స్ ఉంటుంది, సుమారుగా మీటరుకు ఒక మైక్రోహెన్రీ. బోర్డు ఎర్త్‌ను ఇంజన్ బాడీకి కలిపే 20 సెంటీమీటర్ల వైరులో ఇగ్నిషన్ కరెంటు కూడా తిరిగి వెళ్తోందనుకుందాం. ఆ కరెంటు 50 నానోసెకన్లలో 5 ఆంపియర్లు మారితే వైరు రెండు చివరల మధ్య 20 వోల్టుల తేడా వస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే అదే వైరు సున్నా ఓమ్‌లు చూపిస్తుంది, ఎర్త్ బాగానే ఉందనిపిస్తుంది. చిప్ దృష్టిలో మాత్రం ఆ క్షణంలో భూమే పైకి లేచింది. 5 వోల్టుల సంకేతం ఎక్కువో తక్కువో తేల్చుకోవడానికి దానికి ఆధారం లేకుండా పోతుంది.

తప్పు అంకెలోనే ఆనవాలు

ఒక సాదా అమరిక తీసుకుందాం. ఫ్లైవీల్ మీద ఒక అయస్కాంతం, ఎదురుగా అయస్కాంతం దాటినప్పుడల్లా పల్స్ ఇచ్చే హాల్ సెన్సర్, ఆర్డుయినో ఊనో బోర్డు, 16×2 ఎల్‌సీడీ. ఇంజన్ ఐడ్లింగ్‌లో 1500 ఆర్‌పీఎం తిరుగుతోంది. అంటే సెకనుకు 25 చుట్లు, చుట్టుకు 40 మిల్లీసెకన్లు. రెండు పల్స్‌ల మధ్య సమయాన్ని కొలిచి, 60,000ను ఆ మిల్లీసెకన్లతో భాగించి కోడ్ ఆర్‌పీఎం చూపిస్తుంది.

తెర మీద 1490, 1505, తర్వాత ఉన్నట్టుండి 7500, వెంటనే 1875, మళ్లీ 1500 వచ్చాయనుకుందాం. చూడగానే ఇది పిచ్చిలా అనిపిస్తుంది. కానీ 7500 అంటే 8 మిల్లీసెకన్లు, 1875 అంటే 32 మిల్లీసెకన్లు. రెండూ కలిపితే 40. అంటే ఒక చుట్టు మధ్యలో దొంగ పల్స్ ఒకటి దూరి, ఆ చుట్టును రెండు ముక్కలు చేసింది. ఒక నాయిస్ పల్స్ ఎప్పుడూ రెండు తప్పు అంకెలు వదిలి వెళ్తుంది. అదే తెర మీద 750 కనిపిస్తే కథ వేరు. 80 మిల్లీసెకన్లు అంటే అసలు పల్సే ఒకటి తప్పిపోయింది. దొంగ పల్స్ ఎక్కువైతే ఫిల్టర్ చాలట్లేదని, అసలు పల్స్ తప్పిపోతే ఫిల్టర్ శ్రుతి మించిందని లేదా సెన్సర్ ఖాళీ ఎక్కువైందని అర్థం. రెండిటికీ మందు ఒకటి కాదు, నిజానికి ఎదురెదురు. సగటు తీసి అంకెను నున్నగా చూపించే కోడ్ రాస్తే ఈ ఆనవాళ్లన్నీ మాసిపోతాయి, కాబట్టి పరీక్షించే దశలో సగటు తీయకపోవడమే మేలు.

ఇంకో ఆనవాలు కూడా ఉంది. ఆ 8 మిల్లీసెకన్లు చుట్టులో 72 డిగ్రీలు. యాక్సిలరేటర్ పెంచినా దొంగ పల్స్ అదే 72 డిగ్రీల చుట్టుపక్కల వస్తుంటే అది ఇంజన్ తిరుగుడుతో ముడిపడిన నాయిస్, అంటే చాలావరకు స్పార్కే. ఎక్కడంటే అక్కడ వస్తుంటే హారన్, ఇండికేటర్ ఫ్లాషర్, రిలే, ఫ్యూయల్ పంప్ మోటారు లాంటివాటి మీద అనుమానపడాలి.

ఎల్‌సీడీ మీద అంకెలకు బదులు వింత గుర్తులు వస్తే సెన్సర్‌ను తప్పుపట్టడం తొందరపాటు. ఈ డిస్‌ప్లేలను ఎక్కువగా నాలుగు వైర్ల పద్ధతిలో కలుపుతారు. ప్రతి అక్షరం రెండు సగాలుగా వెళ్తుంది. ఎనేబుల్ వైరు మీద ఒక్క దొంగ పల్స్ పడితే డిస్‌ప్లే ఒక సగం ముందుకు జరిగిపోతుంది. ఆపైన వచ్చేదంతా సగం ఒక అక్షరానిది, సగం ఇంకో అక్షరానిది. డిస్‌ప్లేను మళ్లీ మొదటినుంచి సిద్ధం చేసేదాకా అది కోలుకోదు. అప్పుడు కూడా చిప్ మాత్రం సరిగ్గానే లెక్కపెడుతూ ఉండొచ్చు.

పుట్టే చోటే తగ్గిస్తే

రవ్వను ఆపలేం, అది లేకపోతే ఇంజన్ నడవదు. కానీ రవ్వలో ఇంజన్‌కు అవసరమైన భాగం, నాయిస్ చేసే భాగం ఒకటి కాదు. గాలి తెగిన తొలి నానోసెకన్లలో ప్లగ్‌లో, వైరులో నిల్వ ఉన్న కాస్త ఛార్జ్ ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. నాయిస్‌లో పెద్ద భాగం అదే. ఆ తర్వాత కాయిల్ నుంచి వచ్చే కరెంటు చిన్నది, నిదానమైనది. దారిలో 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే, 10,000 వోల్టుల దగ్గర కూడా ఆ తొలి కుమ్మరింపు 2 ఆంపియర్లకు మించదు. నిదానంగా వచ్చే కరెంటుకు మాత్రం ఆ రెసిస్టర్ పెద్ద అడ్డు కాదు. రెసిస్టర్ ప్లగ్ పెడితే బండి పికప్ తగ్గుతుందన్న భయం మామూలు ఇంజన్ల విషయంలో నిలబడదు.

ప్లగ్ మీద ముద్రించిన కోడ్‌లో ఇంగ్లీషు అక్షరం ఆర్ ఉంటే చాలా కంపెనీల్లో అది రెసిస్టర్ ప్లగ్. ప్లగ్ క్యాప్‌లోనూ రెసిస్టర్ ఉండొచ్చు, కొన్ని హెచ్‌టీ వైర్లలో రాగికి బదులు కార్బన్ కోర్ ఉంటుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో షాపులో దొరికిందని ఆర్ లేని ప్లగ్ బిగిస్తే, ఇంజన్ స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది కూడా. అప్పుడప్పుడు మిస్‌ఫైర్, కారణం తెలియని ఎర్రర్ లైట్ లాంటివి మొదలైతే మాత్రం ప్లగ్‌ను అనుమానించే మెకానిక్‌లు తక్కువ.

ఇందులో చిన్న చారిత్రక విడ్డూరం ఉంది. వాహనాల రేడియో నాయిస్ మీద వచ్చిన సిస్పర్ 12 ప్రమాణం ఇరుగుపొరుగు రేడియో, టీవీలను కాపాడడానికి. బండిలోనే ఉన్న రిసీవర్లను కాపాడేది సిస్పర్ 25. మన దేశంలో వాహనాల విద్యుదయస్కాంత పరీక్షలకు ఏఐఎస్-004 ఉంది. పక్కింటి రేడియో కోసం మొదలైన జాగ్రత్త ఇప్పుడు అదే బండి మెదడును కాపాడుతోంది.

రవ్వ కాకుండా నాయిస్‌ను పుట్టించేవి ఇంకా ఉన్నాయి. రిలే కాయిల్, సోలనాయిడ్, ఇంజెక్టర్ ఆఫ్ అయినప్పుడు వాటిలో నిల్వ ఉన్న శక్తి ఎదురు వోల్టేజీగా బయటపడుతుంది. రిలే కాయిల్‌కు అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడ్ తిరగేసి పెడితే ఆ శక్తి అక్కడే తిరిగి ఆరిపోతుంది. రూపాయల్లో అయిపోయే పని.

కెపాసిటర్ ఎంత అన్నది కాదు, ఎక్కడ అన్నది

నాయిస్ అనగానే తట్టే మందు కెపాసిటర్. 10 నానోఫారడ్ పెట్టి చూస్తారు, తగ్గకపోతే 100, అదీ చాలకపోతే మైక్రోఫారడ్. అంకె నిలబడగానే పని అయిపోయిందనుకుంటారు. టాకోమీటర్ వరకైతే నిజంగానే అయిపోవచ్చు. టైమింగ్ విషయంలో అది కొత్త సమస్యకు మొదలు.

10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 10 నానోఫారడ్ కెపాసిటర్ కలిస్తే టైమ్ కాన్‌స్టంట్, అంటే ఫిల్టర్ ఎంత నిదానమో చెప్పే కొలత, 100 మైక్రోసెకన్లు. హాల్ సెన్సర్ నుంచి వచ్చిన పల్స్ సగం ఎత్తుకు చేరేసరికి దాదాపు 70 మైక్రోసెకన్లు గడుస్తాయి. 1500 ఆర్‌పీఎం దగ్గర ఆ సమయంలో క్రాంక్ 0.6 డిగ్రీలు తిరుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. 6000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ మిల్లీసెకనుకు 36 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి అదే ఆలస్యం 2.5 డిగ్రీలవుతుంది. కెపాసిటర్‌ను 100 నానోఫారడ్ చేస్తే 25 డిగ్రీలు! ఇగ్నిషన్ టైమింగ్‌లో రెండు మూడు డిగ్రీల తేడాయే లెక్కలోకి వస్తుంది, 25 అంటే ఇంజన్ సరిగ్గా నడవదు. పైగా వేగం పెరిగేకొద్దీ తప్పు పెరుగుతుంది, ఐడ్లింగ్‌లో అంతా బాగానే కనిపిస్తుంది. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే కోడ్‌లో సరిచేయొచ్చు. కానీ వేడికి మారిపోయే మామూలు సిరామిక్ కెపాసిటర్‌ను ఇంజన్ పక్కన పెట్టి ఆ మాట అనడం కష్టం.

ఆర్‌పీఎం చూపించడానికి మాత్రం ప్రతి పల్స్ ఒకే లెక్కన ఆలస్యమైతే ఇబ్బంది లేదు, మధ్య దూరం మారదు. ఒకే ఫిల్టర్ ఒక పనికి సరిపోయి ఇంకో పనికి పనికిరాకపోవడానికి కారణం ఇదే. ఒక్క అయస్కాంతానికి బదులు, 60 పళ్లకు రెండు పళ్లు తీసేసిన చక్రాన్ని క్రాంక్ మీద వాడితే మార్జిన్ ఇంకా తగ్గుతుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక పన్నుకు ఇంకో పన్నుకు మధ్య 167 మైక్రోసెకన్లే. టైమ్ కాన్‌స్టంట్ ఒక మిల్లీసెకను ఉన్న ఫిల్టర్ దాటి ఆ పళ్లు అసలు కనపడవు.

అసలు విషయం ఏమిటంటే అంత పెద్ద ఫిల్టర్ అవసరమే లేదు. ఇంజన్ సిగ్నల్ కొన్ని కిలోహెర్ట్జ్ దాటదు. స్పార్క్ నాయిస్ మెగాహెర్ట్జ్ నుంచి వందల మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. మధ్యలో వెయ్యి రెట్ల ఖాళీ. ఒక కిలో ఓమ్, ఒక నానోఫారడ్ పెడితే ఫిల్టర్ 159 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలై, 16 మెగాహెర్ట్జ్ నాయిస్‌ను నూరో వంతుకు దించుతుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర అది తినే టైమింగ్ 0.03 డిగ్రీలు కూడా కాదు.

మరి చిన్న కెపాసిటర్ ఎందుకు పనిచేయలేదు? చాలాసార్లు దాని కాళ్ల వల్ల. కెపాసిటర్ కాలు సెంటీమీటరు పొడవుంటే సుమారు 10 నానోహెన్రీల ఇండక్టెన్స్. 100 మెగాహెర్ట్జ్ దగ్గర అది 6 ఓమ్‌లకు పైన. బ్రెడ్‌బోర్డు మీద పెట్టి, అక్కడినుంచి జానెడు జంపర్ వైరుతో ఎర్త్‌కు కలిపితే వంద ఓమ్‌లు దాటిపోతుంది. నాయిస్‌కు ఎర్త్ దారి మూసుకుపోయినట్టే. అదే విలువ గల చిన్న సర్ఫేస్ మౌంట్ కెపాసిటర్ చిప్ పిన్‌కు, చిప్ ఎర్త్ పిన్‌కు మధ్య అంటించినట్టు పెడితే పనిచేస్తుంది. విలువ పెంచడం కన్నా దూరం తగ్గించడం ఎక్కువ ఫలితమిస్తుంది. సెన్సర్ పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి బ్రెడ్‌బోర్డు చాలు, స్పార్క్ పక్కన నాయిస్ పరీక్షకు మాత్రం అది పనికిరాదు.

రెసిస్టర్‌కు మరో పని కూడా ఉంది. ఊనోలో ఉండే ఏటీమెగా328పి పిన్ మీద వోల్టేజీ సరఫరా కంటే అర వోల్టు మించి పైకి పోకూడదు, సున్నాకు అర వోల్టు కిందకి దిగకూడదు. లోపల రక్షణ డయోడ్లున్నా అవి ఎక్కువ కరెంటు మోయలేవు. 100 వోల్టుల స్పైక్ వచ్చినా 10 కిలో ఓమ్‌లు దారిలో ఉంటే లోపలికి వెళ్లేది 10 మిల్లీ ఆంపియర్లలోపే. ఆ భారం చిప్ మీద పడకూడదనుకుంటే బయట బీఏటీ54ఎస్ లాంటి షాట్‌కీ డయోడ్ల జత పెడతారు.

తర్వాతి మెట్టు ష్మిట్ ట్రిగ్గర్. 74హెచ్‌సీ14 లాంటి చిప్ వోల్టేజీ పైకి వెళ్లేటప్పుడు ఒక గీత (హద్దు), కిందికి దిగేటప్పుడు ఇంకో గీత చూస్తుంది. 5 వోల్టుల దగ్గర ఆ రెండిటికీ మధ్య సుమారు ఒక వోల్టు తేడా. ఆ తేడా కన్నా చిన్న వణుకు అవతలికి వెళ్లదు.

సెన్సర్ మారితే వైద్యం మారుతుంది

హాల్ సెన్సర్‌తో పని తేలిక. అది దాని లోపలే నిర్ణయం తీసుకుని శుభ్రమైన పల్స్ ఇస్తుంది. సాధారణంగా దాని అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, అంటే వైరును కిందికి లాగగలదు కానీ పైకి నెట్టలేదు కాబట్టి, వోల్టేజీని పైకి పట్టి ఉంచే పుల్-అప్ రెసిస్టర్ కావాలి. చిప్ లోపలి పుల్-అప్ 20 నుంచి 50 కిలో ఓమ్‌ల మధ్య ఉంటుంది. బెంచ్ మీద సరిపోతుంది కానీ ఇంజన్ దగ్గర బలహీనం. బయట ఒకటి రెండు కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే వైరులోకి చొరబడే నాయిస్ అంత తేలిగ్గా వోల్టేజీని కదిలించలేదు.

వీఆర్ సెన్సర్, అంటే మెకానిక్‌లు పికప్ కాయిల్ అనేది, మొండిది. అయస్కాంతం మీద చుట్టిన కాయిలే సెన్సర్. పన్ను దాటినప్పుడు పుట్టే వోల్టేజీ వేగాన్ని బట్టి ఉంటుంది. కిక్ కొట్టేటప్పుడు వందల మిల్లీవోల్టులు, రెడ్‌లైన్ దగ్గర పదుల వోల్టులు. గీత తక్కువలో పెడితే వేగంలో నాయిస్ కూడా దాటేస్తుంది, ఎక్కువలో పెడితే స్టార్టింగ్‌లో సిగ్నలే దాటదు. ఎల్‌ఎం1815 లాంటి చిప్‌లు పుట్టింది ఈ చిక్కు విప్పడానికే. వచ్చిన సిగ్నల్ గరిష్ఠ ఎత్తును గుర్తుంచుకుని, అందులో 80 శాతం దాటిన పల్స్ వస్తేనే అది సిద్ధమవుతుంది. తర్వాత సిగ్నల్ సున్నా దాటే క్షణంలో పల్స్ ఇస్తుంది. సిగ్నల్ పెరిగేకొద్దీ గీత కూడా పెరుగుతుంది. మ్యాక్స్9926 కూడా ఈ పనికోసమే తయారైంది. సిగ్నల్‌ను పెంచే ఎల్‌ఎం358 ఆప్-ఆంప్ చిప్‌తో సొంతంగా కట్టిన సర్క్యూట్లు చాలావరకు తడబడేది ఈ మారే గీత లేకపోవడం వల్లే.

వీఆర్ సెన్సర్ రెండు వైర్లనూ మెలిపెట్టి బోర్డు దాకా తేవాలి, ఒకదాన్ని ఇంజన్ బాడీకి ఎర్త్ చేసి వదిలేయకూడదు. రెండూ విడిగా వస్తే వాటిమీద సమానంగా పడ్డ నాయిస్‌ను తేడా చూసే సర్క్యూట్ కొట్టేస్తుంది. షీల్డ్ వైరు వాడితే షీల్డ్‌ను మామూలుగా బోర్డు వైపు మాత్రమే ఎర్త్ చేస్తారు. రెండు వైపులా చేస్తే ఇంజన్ ఎర్త్ కరెంటుకు షీల్డే దారి అయిపోయే ప్రమాదం ఉంది.

ఎర్త్ గొడవ మరీ ముదిరిన చోట ఆప్టోకప్లర్ బాగా పనికొస్తుంది. సిగ్నల్ కాంతిగా దాటుతుంది కాబట్టి ఇంజన్ ఎర్త్‌కు, బోర్డు ఎర్త్‌కు తెగతెంపులు. ఎల్‌ఈడీ వెలగాలంటే కొన్ని మిల్లీ ఆంపియర్లు కావాలి, బలంలేని నాయిస్ దాన్ని వెలిగించలేదు. పీసీ817 చవక, కానీ నిదానం. టాకోమీటర్‌కు చాలు. కోణం కొలవాలంటే 6ఎన్137 లాంటి వేగమైనది కావాలి. ఆప్టో పెట్టి, రెండు వైపులా ఒకే బ్యాటరీ, ఒకే ఎర్త్ ఇస్తే పెట్టిన ప్రయోజనం చాలావరకు పోయినట్టే. ఈ పొరపాటు చాలా తరచుగా కనిపిస్తుంది.

కూలెంట్ ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రత లాంటి నిదానమైన సెన్సర్లకు ఈ తర్జనభర్జనేమీ అక్కర్లేదు. నీళ్లు మిల్లీసెకన్లలో వేడెక్కవు, పెద్ద కెపాసిటర్ పెట్టినా నష్టం లేదు.

కరెంటుతో పాటు వచ్చేది

సిగ్నల్ వైరుకు ఇన్ని కాపలాలు పెట్టి, సరఫరా వైరును నేరుగా బ్యాటరీకి తగిలిస్తే లాభం లేదు. 12 వోల్టుల బండిలో 12 వోల్టులే ఉంటాయనుకోవడం అమాయకత్వం. ఐఎస్‌ఓ 7637-2 ప్రమాణం సరఫరా వైరు మీద పరీక్షించాల్సిన స్పైక్‌ల చిట్టా ఇస్తుంది. వాటన్నిటికన్నా శక్తి ఎక్కువున్నది లోడ్ డంప్, అది ఐఎస్‌ఓ 16750-2లో ఉంది. ఆల్టర్నేటర్ గట్టిగా ఛార్జ్ చేస్తుండగా బ్యాటరీ ఊడిపోతే ఆ కరెంటుకు పోయే చోటుండదు, వోల్టేజీ ఎగబాకుతుంది. 12 వోల్టుల వాహనంలో, అదుపు చేసే భాగం లేకపోతే, 79 నుంచి 101 వోల్టుల దాకా, 40 నుంచి 400 మిల్లీసెకన్ల పాటు వస్తుందని లెక్కగట్టి ఆ ప్రమాణం పరీక్ష పెడుతుంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తోందో లేదో చూసే పాత అలవాటు కొన్ని గ్యారేజీల్లో ఇంకా ఉంది. ఈసీయూ లేని రోజుల్లో అది చెల్లింది.

బ్యాటరీ వోల్టేజీని 5 వోల్టులకు దించడానికి అందరూ వాడే 7805 రెగ్యులేటర్ ఇన్‌పుట్ గరిష్ఠం 35 వోల్టులు. ముందు అధిక వోల్టేజీని మింగే టీవీఎస్ డయోడ్ పెట్టాం కదా అని ధీమా పడితే ఇంకో మెలిక ఉంది. లోడ్ డంప్ కోసం వాడే ఎస్ఎం8ఎస్24ఏ పూర్తి కరెంటు మోస్తున్నప్పుడు తన రెండు చివరల మధ్య 38.9 వోల్టుల దాకా అనుమతిస్తుంది. అంటే కాపలావాడు తన పని సరిగ్గా చేసినా 7805 చచ్చిపోవచ్చు. రెండిటినీ జోడీగా ఎంచుకోవాలి. వాహనాల కోసం తయారైన ఎల్‌ఎం2940 లాంటి రెగ్యులేటర్ 60 వోల్టుల తాత్కాలిక పోటును, తిరగేసి పెట్టిన బ్యాటరీని తట్టుకుంటుంది. అందుకే అది ఇలాంటి చోట ఎక్కువగా కనిపిస్తుంది.

పైకి ఎగరడమే కాదు, కిందికి పడిపోవడమూ సమస్యే. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ వోల్టేజీ 8 వోల్టులకో అంతకన్నా కిందకో జారుతుంది. 7805కు తన 5 వోల్టుల మీద ఇంకో రెండు వోల్టులు కావాలి. ముందు రక్షణ డయోడ్ ఉంటే అదీ కొంత తింటుంది. వోల్టేజీ తగ్గితే చిప్‌ను ఆపేసే బ్రౌన్-అవుట్ రీసెట్ ఆన్‌లో లేకపోతే చిప్ సగం వోల్టేజీలో తెలిసీ తెలియని స్థితిలో నడుస్తూ తప్పుడు పనులు చేస్తుంది. ఆన్‌లో ఉంటే కనీసం నిజాయితీగా ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది.

కోడ్ జల్లెడ

హార్డ్‌వేర్ దాటి వచ్చిన కొద్దిపాటి నాయిస్‌ను కోడ్ పట్టగలదు, ఎందుకంటే ఇంజన్ గురించి దానికి కొన్ని విషయాలు ముందే తెలుసు. 12,000 ఆర్‌పీఎం దాటి తిరగని ఇంజన్‌లో చుట్టు 5 మిల్లీసెకన్లకన్నా తక్కువ ఉండదు. అంతకన్నా ముందే వచ్చిన పల్స్‌ను చూడనట్టు వదిలేయొచ్చు. ఇంకాస్త తెలివైన జల్లెడ గత పల్స్ దూరంతో పోలుస్తుంది. ఒక్క చుట్టులో ఇంజన్ వేగం రెట్టింపు కాదు కాబట్టి గత దూరంలో సగం కాకముందే వచ్చినది దొంగదే. స్పీడ్యూనో లాంటి ఓపెన్ సోర్స్ ఈసీయూల్లో ట్రిగ్గర్ ఫిల్టర్ అనే సెట్టింగ్ ఈ పనికోసమే ఉంది.

ఇక్కడా హద్దు ఉంది. స్టార్ట్ చేసేటప్పుడు పిస్టన్ కంప్రెషన్ వైపు ఎక్కుతుంటే క్రాంక్ బాగా నెమ్మదించి, దాటగానే ఒక్కసారి విదిలించుకుని తిరుగుతుంది. సింగిల్ సిలిండర్‌లో ఈ తేడా ఎక్కువ. పళ్ల చక్రం మీద ఫిల్టర్ బిగించేస్తే నిజమైన పళ్లనే దొంగలని తోసేస్తుంది, బండి స్టార్ట్ కాదు.

ఏటీమెగా328పిలో పల్స్ వచ్చిన సమయాన్ని నమోదుచేసే ఇన్‌పుట్ క్యాప్చర్‌కు నాయిస్ క్యాన్సలర్ ఉంది, వరసగా నాలుగు శాంపిళ్లు ఒకేలా ఉంటేనే మార్పును నమ్ముతుంది. 16 మెగాహెర్ట్జ్ దగ్గర అంటే పావు మైక్రోసెకను. అంతకన్నా పొడుగైన వణుకు దాన్ని దాటేస్తుంది. ఇంటరప్ట్ (పల్స్ రాగానే మిగతా పని ఆపి నడిచే కోడ్) వాడేవాళ్లు గమనించాల్సింది ఇంకొకటుంది. ఇంటరప్ట్ కోడ్ నడుస్తుండగా నాయిస్ అంచు ఒకటి వస్తే చిప్ దాన్ని జెండా ఎత్తి గుర్తుపెట్టుకుంటుంది. కోడ్ ముగియగానే మళ్లీ అదే నడుస్తుంది. మొదటి పల్స్ తర్వాత డిలే పెట్టాం కదా అనుకుంటే సరిపోదు, ఆ జెండాను దించాలి.

పిన్ దెబ్బతిన్నా, ఎర్త్ ఎగిరి చిప్ రీసెట్ అయినా కోడ్ చేయగలిగేది ఏమీ లేదు. వాచ్‌డాగ్ టైమర్ చిప్‌ను మళ్లీ లేపుతుంది, పోయిన చుట్లను తెచ్చివ్వదు.

దారి పట్టుకునే వరస

అన్నీ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు. మొదట కిల్ స్విచ్ ఆఫ్‌లో పెట్టి కిక్ కొట్టి చూడాలి. ఇంజన్ తిరుగుతుంది, రవ్వ పడదు. అప్పుడు అంకె శుభ్రంగా వస్తే సెన్సర్, కోడ్ నిర్దోషులు, దోషం ఇగ్నిషన్‌ది. ఇదే పరీక్షను ప్లగ్ క్యాప్ ఊరికే పీకేసి చేయకూడదు. పోయే చోటు లేని హెచ్‌టీ వోల్టేజీ ఎటు దూకుతుందో చెప్పలేం, రవ్వను పుట్టించే సీడీఐ యూనిట్టే పోవచ్చు.

తర్వాత ఇంజన్ నడుస్తుండగా సెన్సర్ వైరు తీసేసి, బోర్డు దగ్గరే ఆ పిన్‌ను ఎర్త్‌కు కలపాలి. అప్పుడు కూడా పల్స్‌లు లెక్కకొస్తుంటే నాయిస్ సెన్సర్ వైరు గుండా రావట్లేదు, సరఫరా నుంచో ఎర్త్ నుంచో వస్తోంది. బోర్డును బండి బ్యాటరీ నుంచి తీసి పవర్ బ్యాంక్ మీద నడిపితే అదీ తేలిపోతుంది. పవర్ బ్యాంక్ మీద బాగుంటే సరఫరాదే తప్పు. ల్యాప్‌టాప్ తగిలించి చూసేటప్పుడు ఛార్జర్ తీసేసి చూడాలి, లేదంటే గోడ ఎర్త్ కూడా ఈ కథలోకి వచ్చి చేరుతుంది. స్పార్క్ పడినప్పుడల్లా యూఎస్‌బీ కనెక్షన్ ఊడిపోవడం కూడా ఎర్త్ గొడవకు ఆనవాలే.

రవ్వ లేని ఇంజన్ల మాట

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ లేదు. పొలం దగ్గర ఆయిల్ ఇంజన్‌కో జనరేటర్‌కో టాకోమీటర్ పెట్టేవాళ్లకు పని చాలా తేలికవుతుంది. స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్, సోలనాయిడ్ మాత్రమే మిగులుతాయి. కామన్ రైల్ డీజిల్ వేరే కథ. ఇంజెక్టర్‌ను చటుక్కున తెరవడానికి ఈసీయూ బ్యాటరీ వోల్టేజీని ఎన్నో రెట్లు పెంచి కొడుతుంది. ఇక ఎలక్ట్రిక్ బండిలో రవ్వ పూర్తిగా మాయమైనా, మోటారును నడిపే ఇన్వర్టర్ సెకనుకు వేల సార్లు స్విచ్ అవుతూ ఉంటుంది. పెట్రోలు ఇంజన్ చుట్టుకో రవ్వతో చేసే అల్లరిని అది ఆగకుండా చేస్తుంది, మోటారు కోణం కొలిచే సెన్సర్ సరిగ్గా ఆ మోటారు వెనకే బిగించి ఉంటుంది.